వరాహగిరి వెంకటగిరి – కోలుకున్న కార్మికుని చోటు

పాఠ్యపుస్తకాలలో వరాహగిరి వెంకటగిరి రాష్ట్రపతిగానే కనిపిస్తారు. 1969 నాటి ఎన్నిక, కాంగ్రెసులో చీలిక, రాష్ట్రపతి భవనం – అంతటితో ఆ పాఠం ముగుస్తుంది. కాని ఆయన ఆయుర్దాయంలో అధికభాగం రైల్వే కార్మికుల మధ్యను, కర్మాగారాల ద్వారాల ముందరను గడిచింది. రాష్ట్రపతి పదవి ఆ ప్రయాణానికి చివరి మజిలీయే గాని సారం కాదు.

ఆ సారమేమిటో తెలియడానికి పూర్వపు వరంగల్లు జిల్లా వైపు ఒకమారు చూడవలె. జనగామ, మహబూబాబాదు ఒకనాటి నిజాము రైలుమార్గం మీది స్టేషన్లు. భూపాలపల్లి సింగరేణి బొగ్గుగనుల ఊరు. 2016 వరకు ఈ మూడూ ఒకే జిల్లాలోనివి. పట్టా మీద పనిచేసే గ్యాంగ్‌మన్‌కు గాని, భూగర్భంలోకి దిగే గని కార్మికునికి గాని శరీరమే పెట్టుబడి. ఆ శరీరానికి క్షయయో, గుండెజబ్బో, పక్షవాతమో సోకి అతడు నెలల తరబడి మంచాన పడితే, తేరుకున్న పిదప ఎక్కడికి పోవలె? మునుపటి పని చేసే సత్తువ ఉండదు. పని లేకుండా బ్రతికే దారి ఉండదు. అతనికి తగిన మరొక పని ఉన్నదా, ఉంటే ఏ జీతం మీద, అతడు పనికి తగునని నిర్ణయించవలసినది వైద్యుడా, యజమానియా, సంఘమా? వైద్యశాలలో తేలని ఈ ప్రశ్నలు యాజమాన్యానికీ కార్మిక సంఘానికీ నడుమ ఉండే సంబంధంలోనే తేలవలసి ఉంటుంది. గిరిగారు తన జీవితాన్ని ధారపోసినది ఆ సంబంధాన్ని చక్కదిద్దడానికే.

వారు 1894 ఆగస్టు 10న గంజాం జిల్లా బరంపురంలో తెలుగు కుటుంబంలో జన్మించారు. తండ్రి జోగయ్య పంతులు పేరుపడిన న్యాయవాది. కుమారుడు కూడా న్యాయవాది కావలెనని 1913లో డబ్లిన్ నగరానికి వెళ్ళినాడు. ఆ సంవత్సరమే అక్కడి యజమానులు సంఘంలో చేరిన కార్మికులను పనిలోకి రానీయక తలుపులు మూసినారు. సుమారు 20,000 మంది నెలల తరబడి కూలి లేక అల్లాడినారు. న్యాయశాస్త్రం చదువవచ్చిన పందొమ్మిదేండ్ల యువకునికి గ్రంథాలలో దొరకని పాఠం అది. ఐరిష్ స్వాతంత్ర్యోద్యమం పట్ల అభిమానం పెంచుకొన్నందున 1916లో ఆ దేశం విడువవలసి వచ్చింది. న్యాయవాది పట్టాతో వచ్చినా, మనసు మాత్రం కార్మికుని పక్షాన నిలిచిపోయింది.

బరంపురం మీదుగా వాల్తేరుకు పోయే మార్గం నాడు బెంగాల్ నాగపూర్ రైల్వేది. ఆ రైల్వేకు గుండెకాయ వంటి ఖరగ్‌పూర్ కర్మశాలలలో తెలుగువారు వేలాదిగా పనిచేసేవారు. 1927లో అక్కడ పెద్దయెత్తున తొలగింపులు తలపెట్టినప్పుడు సాగిన పోరాటానికి గిరిగారు నాయకత్వం వహించారు. అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య నిర్మాతలలో వారొకరు; అంతకు మునుపే, 1926లో, అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు అధ్యక్షత వహించి ఉన్నారు. సమ్మె నడిపిన మనిషికే సమ్మె ఖరీదు తెలుస్తుంది. ఇంటిలో రోగి ఉన్న కార్మికునికి ఒక్కొక్క సమ్మె దినం ఒక్కొక్క ఉపవాస దినం. సమ్మెను చివరి ఆయుధంగానే ఉంచవలెననీ, అంతకు ముందు ఉభయులూ ఒకచోట కూర్చొనవలెననీ ఆయన జీవితాంతం చెప్పుతూ వచ్చినారు.

ఆ ఏడాదే, 1927లోనే, జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సమావేశానికి భారత కార్మికుల ప్రతినిధిగా గిరిగారు వెళ్ళినారు. పరిశ్రమలలో పనిచేసేవారికి అనారోగ్య బీమా ఉండవలెనన్న ఒడంబడికను ఆ సమావేశమే ఆమోదించింది. భారతదేశం మాత్రం దానిని స్వీకరించలేదు. నాటికి ఇక్కడ ఉన్నది 1923 నాటి పరిహార చట్టమొక్కటే. అది పనిలో తగిలిన గాయానికీ, బహు కొద్దిపాటి వృత్తిరోగాలకూ వర్తించేది. యంత్రంలో వ్రేలు నలిగితే లెక్క ఉన్నది. దుమ్ము పీల్చి పీల్చి ఊపిరి కుళ్ళితే దానికి లెక్క లేదు. క్షయ సోకిన వాడు ఇంటికి పోవలసినదే.

అటు పిమ్మటి పదవులను గూర్చి విస్తరించనక్కరలేదు. 1937 ఎన్నికలలో బొబ్బిలి రాజాను ఓడించి రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖలు చూచినారు. క్విట్ ఇండియా కాలంలో జైలులో గడిపినారు. 1946లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గంలో మరల మంత్రియై, 1947లో సింహళానికి భారత హైకమిషనరుగా వెళ్ళినారు. వారు అక్కడ ఉండగానే 1948లో ఉద్యోగుల రాజ్య బీమా చట్టం వచ్చింది. జనం నోట ఇది ఇ.ఎస్.ఐ. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో పథకం ప్రారంభమైంది. కొద్దినెలలకే, పాతపట్నం నుంచి లోకసభకు ఎన్నికైన గిరిగారు కేంద్ర కార్మికశాఖ మంత్రి అయినారు.

ఆ చట్టపు 73వ సెక్షను ఉపాధ్యాయులు తమ విద్యార్థులకు తప్పక చెప్పదగినది. కార్మికుడు అనారోగ్య భృతి పొందుతున్న కాలంలోను, వైద్యచికిత్సలో ఉన్న కాలంలోను యజమాని అతనిని తొలగించరాదనీ, శిక్షించరాదనీ, హోదా తగ్గించరాదనీ అది శాసించింది. ఆ కాలంలో ఇచ్చిన తొలగింపు నోటీసు చెల్లేది కాదు. రోగికి మందు ఎంత అవసరమో, తిరిగి వెళ్ళేసరికి తన చోటు ఉంటుందన్న ధైర్యమూ అంతే అవసరమని చట్టం గుర్తించినట్లయింది. అయితే ఆ రక్షణ కలకాలం నిలిచేది కాదు. రోగం నెలల తరబడి సాగితే నోటీసు ఇచ్చి తీసివేయడానికి నిబంధనలు దారి విడిచినవి. మరొక లోటు ఈ ప్రాంతానికి సంబంధించినది. ఆ చట్టంలోని కర్మాగారం అన్న నిర్వచనంలో గనులు చేరలేదు. రైల్వే రన్నింగ్ షెడ్లూ చేరలేదు. బొగ్గుబావి కార్మికునికి గాని, ఇంజను షెడ్డు కార్మికునికి గాని 73వ సెక్షను అండ లేకపోయింది. వారికి దక్కవలసినది సర్వీసు నిబంధనల వలననో, సంఘం చేసుకొన్న ఒప్పందం వలననో దక్కవలసినదే.

గిరిగారు మంత్రిగా చేసిన యత్నమంతా ఇటువంటి ఒప్పందాల కోసమే. తగవు వచ్చినదే తడవుగా ప్రభుత్వం దానిని ట్రిబ్యునలుకు పంపడం ఇరుపక్షాలనూ సోమరులను చేస్తుందని వారి అభిప్రాయం. ఒక పరిశ్రమకు ఒక బలమైన సంఘం ఉండవలె, ఆ సంఘం యాజమాన్యంతో ముఖాముఖి మాట్లాడవలె, కుదరనప్పుడు ఇద్దరూ ఇష్టపడి మధ్యవర్తిని ఎన్నుకొనవలె. దీనికే గిరి విధానమని పేరు వచ్చింది. 1952 అక్టోబరులో నైనిటాల్‌లో జరిగిన భారత కార్మిక సమావేశం ముందు ఈ చర్చ సాగింది. యజమానులు ఒప్పుకోలేదు, చిత్రమేమంటే, పలువురు కార్మిక నాయకులూ ఒప్పుకోలేదు. సంఘాలు బలహీనంగా ఉన్నచోట ట్రిబ్యునలే దిక్కని వారి భయం. ఆ భయం నిరాధారమని అనడానికి వీలులేదు.

అయినను రోగం నుంచి కోలుకున్న కార్మికుని విషయంలో గిరిగారి మాటే నిజమని తోస్తుంది. ట్రిబ్యునలు అతనిని పనిలోకి తీసుకొమ్మని ఉత్తరువు ఇవ్వగలదు. కాని ఆరునెలలు మంచాన ఉన్నవాడు మొదటి వారం ఎన్ని గంటలు నిలువగలడు, బరువెత్తని పని ఏ విభాగంలో ఖాళీ ఉన్నది, అతని వంతు బరువు పంచుకొనేందుకు తోటివారు సమ్మతిస్తారా – ఇవి న్యాయస్థానం తేల్చగల సంగతులు కావు. వీటిని ఎరిగినవారు ఆ షాపులోని ఫోర్మనూ, ఆ సంఘపు కార్యకర్తానూ. పైగా దావా ఏండ్ల మీద నడుస్తుంది. రోగి అంతకాలం ఆగలేడు.

ఇంతవరకు వారి కీర్తి. ఇక లోపం. బట్టల మిల్లులలో పని తగ్గి వేలమంది వీధిన పడే ప్రమాదం వచ్చినప్పుడు, 1953లో పారిశ్రామిక వివాదాల చట్టాన్ని ప్రభుత్వం సవరించింది. మంత్రి గిరిగారే. మిగులు కార్మికులను తొలగించాలంటే ఒక నెల ముందు నోటీసు ఇవ్వవలెననీ, పనిచేసిన ప్రతి సంవత్సరానికీ 15 దినాల సగటు వేతనం పరిహారంగా చెల్లించవలెననీ శాసించింది. జబ్బు వలన మానిన దినాలు సర్వీసుకు భంగం కలిగించవనీ అందులోనే వ్రాసినారు. ఇది మేలైన ఏర్పాటు. కాని తొలగింపు అన్న మాటకు నిర్వచనం వ్రాసేటప్పుడు, నిరంతర అనారోగ్యం కారణంగా ఉద్యోగం ముగించడాన్ని అందులోనుంచి మినహాయించినారు. అనగా ఆరోగ్యవంతుని తీసివేస్తే పరిహారం. దీర్ఘరోగిని తీసివేస్తే ఆ పరిహారం లేదు. కార్మికుల కోసం పోరాడిన మంత్రి హయాంలో ఇది జరిగింది. మొదటి వాక్యంతో రోగి సర్వీసును కాపాడిన చట్టం తరువాతి వాక్యంతో అతనినే గేటు వెలుపల నిలబెట్టింది.

మరుసటి సంవత్సరం బ్యాంకు ఉద్యోగుల విషయమై అప్పీలు ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వం సడలించినప్పుడు, గిరిగారు సమాధానపడలేక మంత్రిపదవిని వదులుకొన్నారు. ట్రిబ్యునళ్ళను ఇష్టపడని మనిషి ట్రిబ్యునలు తీర్పు కోసమే రాజీనామా చేయడం విడ్డూరంగా కనిపించవచ్చు. ఆయనకు ముఖ్యమైనది తీర్పు కాదు, ఇచ్చిన మాట. పిమ్మట ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగాను, 1967లో ఉపరాష్ట్రపతిగాను, 1969లో రాష్ట్రపతిగాను ఉన్నారు. 1974 మే నెలలో రైల్వే కార్మికులు దేశమంతటా సమ్మె చేసి అణచివేతకు గురియైనప్పుడు, ఒకనాటి రైల్వే కార్మిక నాయకుడు రాష్ట్రపతి భవనంలోనే ఉండినారు. ఆగస్టులో పదవీకాలం ముగిసింది.

ఆ సంవత్సరాంతంలోనే బొగ్గు పరిశ్రమలో సంఘాలకూ యాజమాన్యాలకూ మొదటి జాతీయ వేతన ఒప్పందం కుదిరింది. గిరిగారు కోరిన ముఖాముఖి బేరమే అది. సింగరేణిలో 1998 నుంచి గుర్తింపు సంఘాన్ని కార్మికులే రహస్య ఓటుతో ఎన్నుకొంటూ వచ్చినారు. భూపాలపల్లి గనులవారూ ఓటు వేసినారు. బొగ్గు ఒప్పందాలలో ఒక నిబంధన ప్రసిద్ధమైనది: గాయం వలనగాని రోగం వలనగాని శాశ్వతంగా అశక్తుడైన కార్మికుని స్థానంలో ఆశ్రితునికి ఉద్యోగం. ఎన్నో ఇండ్లను నిలబెట్టిన నిబంధన ఇది. అయితే దాని మొగ్గు పని విడిచిపోవడం వైపే గాని తిరిగి రావడం వైపు కాదు. మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అన్నదంటే కుమారునికి ఉద్యోగం. ఫిట్ అన్నదంటే అదే దేహంతో మరల బావిలోకి. నడుమ ఉన్న మార్గం, అనగా భూగర్భం నుంచి తప్పించి సర్ఫేస్ పని ఇవ్వడం, సంఘం గట్టిగా పట్టుకొంటేనే దొరుకుతుంది. 2016లో ప్రకటించిన వారసత్వ ఉద్యోగాల పథకాన్ని మరుసటి ఏడు హైకోర్టు కొట్టివేయగా, మెడికల్ అన్‌ఫిట్ అయిన వారి కుటుంబాలకు కారుణ్య నియామకాల పేరుతో దారి వెదకవలసి వచ్చింది.

రైల్వేలో పద్ధతి వేరు. చూపు మందగించిన డ్రైవరుకు ఇంజను అప్పగించరు. ఆ వర్గం నుంచి తప్పించి, అతడు చేయగల మరొక పని చూపుతారు. ఉద్యోగంలో ఉండగా వైకల్యం పొందిన వానిని తొలగించరాదనీ, జీతం తగ్గకుండా మరొక పోస్టు చూపవలెననీ 1995 నాటి వికలాంగుల చట్టం శాసించింది. 2016 చట్టమూ ప్రభుత్వ సంస్థలలో ఆ నియమాన్ని నిలబెట్టింది. జనగామ, మహబూబాబాదు పట్టాల మీద పనిచేసేవారికి ఇది వర్తిస్తుంది. కాని వైకల్యంగా లెక్కకు రాని దీర్ఘరోగాలు ఎన్నో ఉన్నవి.

గిరిగారికి 1975లో భారతరత్న ఇచ్చినారు. 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూసినారు. 1995లో జాతీయ కార్మిక సంస్థకు ఆయన పేరు పెట్టినారు. 1953లో వ్రాసిన ఆ నిర్వచనం మాత్రం, 2025 నవంబరు 21న కొత్త కార్మిక స్మృతులు అమలులోకి వచ్చి పాత చట్టం తొలగే వరకు, నిరంతర అనారోగ్యమన్న మినహాయింపుతో సహా అట్లే నిలిచి ఉండినది.