విక్రమ్ సారాభాయ్: తెలంగాణ పల్లెకు టీవీ తెచ్చిన ఆలోచన ఆయనదే.. కానీ చూడటానికి ఆయన లేరు!

2023 ఆగస్టు 23 సాయంత్రం. గోదావరిఖని చౌరస్తా నుంచి ఎయిట్ ఇంక్లైన్ కాలనీ దాకా ఎవరి చేతిలో చూసినా ఫోనే. చంద్రయాన్-3 ల్యాండర్ చంద్రుడి మీద దిగుతుంటే దేశమంతా ఊపిరి బిగబట్టి లైవ్ చూసింది. ఆ ల్యాండర్ పేరు విక్రమ్. అది విక్రమ్ సారాభాయ్ పేరని చాలామందికి తెలుసు. ఇస్రోకు పునాది వేసింది ఆయనేనని కూడా తెలుసు. కానీ తెలుగు పల్లెల్లోకి మొట్టమొదట టీవీ రావడం వెనక ఉన్నదీ ఆయన ఆలోచనే అని ఎంతమందికి తెలుసు?

మిల్లు ఓనర్ ఇంట్లో పుట్టి..

సారాభాయ్ 1919 ఆగస్టు 12న అహ్మదాబాద్‌లో పుట్టారు. తండ్రి అంబాలాల్ సారాభాయ్ పెద్ద బట్టల మిల్లు యజమాని. ఆ ఇంటి కథ మన బొగ్గు బెల్ట్ కార్మికులకు బాగా దగ్గరగా ఉంటుంది. ఎందుకంటే 1918లో అహ్మదాబాద్ మిల్లు కార్మికులు సమ్మెకు దిగినప్పుడు మిల్లు ఓనర్ల వైపు నిలబడింది అంబాలాల్. కార్మికుల వైపు గాంధీతో కలిసి నిలబడింది ఆయన సొంత అక్క అనసూయ. తమ్ముడు ఒక పక్క, అక్క ఇంకో పక్క. అయినా ఆ కుటుంబం విడిపోలేదు. 1920లో అక్కడ ఆమె చొరవతో మిల్లు కార్మికుల సంఘం పుట్టింది. ఇక్కడ సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడిందీ అదే ఏడాది.

అలాంటి ఇంట్లో ఎనిమిది మంది పిల్లల్లో ఒకడిగా పెరిగిన విక్రమ్ కేంబ్రిడ్జ్‌లో చదివారు. రెండో ప్రపంచ యుద్ధం రావడంతో ఇండియాకు తిరిగొచ్చి, బెంగళూరులో సీవీ రామన్ దగ్గర కాస్మిక్ కిరణాల మీద పరిశోధన చేశారు. 1942లో నాట్య కళాకారిణి మృణాళినిని పెళ్లి చేసుకున్నారు. యుద్ధం ముగిశాక మళ్లీ కేంబ్రిడ్జ్ వెళ్లి 1947లో డాక్టరేట్ పూర్తి చేశారు. అదే ఏడాది అహ్మదాబాద్‌లో ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ మొదలుపెట్టారు. అప్పటికి ఆయన వయసు 28 ఏళ్లే!

సైకిల్ మీద రాకెట్

1962లో అంతరిక్ష పరిశోధన కమిటీ ఏర్పడింది. దానికి సారాభాయ్ సారథి. 1963 నవంబర్ 21న కేరళలోని తుంబా నుంచి తొలి రాకెట్ ఎగిరింది. అక్కడి చర్చి భవనమే ఆఫీసు. రాకెట్ భాగాలను సైకిల్ మీద మోసుకెళ్లిన ఫొటో ఇప్పటికీ సోషల్ మీడియాలో తిరుగుతూనే ఉంటుంది.

అప్పట్లో చాలామంది అడిగిన ప్రశ్న ఒక్కటే. తిండికి కటకటలాడే దేశానికి రాకెట్లు ఎందుకని! సారాభాయ్ వాదన వేరు. చంద్రుడి మీదికి మనిషిని పంపడంలో పెద్ద దేశాలతో పోటీ పడటం తన లక్ష్యం కాదని ఆయన స్పష్టంగా చెప్పేవారు. పేద దేశానికే ఈ టెక్నాలజీ ఎక్కువ అవసరమని, దాన్ని మామూలు మనిషి కష్టం తీర్చడానికి వాడాలని నమ్మారు. ఆ నమ్మకానికి ఆయన ఎంచుకున్న పెద్ద పరీక్షే టీవీ.

ముందు ఊరికి.. తర్వాతే సిటీకి

మన దేశంలో టీవీ 1959 సెప్టెంబర్ 15న ఢిల్లీలో మొదలైంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఢిల్లీ దాటలేదు. మామూలుగా అయితే ఒక్కో సిటీలో ఒక్కో టవర్ కడుతూ పోవాలి. టవర్ సిగ్నల్ కొన్ని పదుల కిలోమీటర్లే వెళ్తుంది. ఈ లెక్కన పల్లెల వంతు ఎప్పటికో గానీ రాదు.

సారాభాయ్ ఈ లెక్కను తిరగేశారు. భూమికి దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఒక ఉపగ్రహం ఉంటే, మారుమూల ఊరికైనా ఢిల్లీకైనా ఒకేసారి బొమ్మ అందుతుంది. అంటే అందరికంటే వెనకబడ్డ ఊరితోనే మొదలుపెట్టొచ్చు. ఇదీ ఆయన ఐడియా.

ముందు చిన్న ట్రయల్ వేశారు. 1967 జనవరి 26న ఢిల్లీ చుట్టుపక్కల 80 ఊళ్లలో రైతుల కోసం కృషి దర్శన్ మొదలైంది. అప్పటికి ఆయన అణుశక్తి కమిషన్ చైర్మన్. ఆ శాఖ సాయంతోనే ఊళ్లలో టీవీలు పెట్టారు. 1969లో ఇస్రో ఏర్పడింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో అమెరికా నాసాతో ఒప్పందం కుదిరింది. వాళ్ల ఉపగ్రహాన్ని ఏడాది పాటు మన పల్లెల టీవీ కోసం వాడుకోవడమే ఆ ఒప్పందం. ఉపగ్రహం వాళ్లది. ప్రోగ్రాంలు, టీవీ సెట్లు, డిష్‌లు మాత్రం మనవి.

మన నేలతో ఆయనకున్న లింకు ఇంతటితో ఆగలేదు. హైదరాబాద్ ఈసీఐఎల్ 1967 ఏప్రిల్‌లో అణుశక్తి శాఖ కింద పుట్టింది. దాన్ని నడిపించింది మన తెలుగువాడైన ఏఎస్ రావు. శ్రీహరికోటను రాకెట్ కేంద్రంగా ఎంచుకున్నదీ సారాభాయ్ హయాంలోనే. 1971 అక్టోబర్ 9న అక్కడి నుంచి తొలి రాకెట్ లేచింది.

ఆ రాత్రి కోవళంలో..

సరిగ్గా ఇంకో మూడు నెలలు కూడా గడవలేదు. 1971 డిసెంబర్ 30న కేరళలోని కోవళంలో నిద్రలోనే సారాభాయ్ కన్నుమూశారు. వయసు 52 ఏళ్లు. అప్పటికి దేశంలో టీవీ స్టేషన్ ఉన్నది ఒక్క ఢిల్లీలోనే. ముంబైకి కూడా ఇంకా రాలేదు. ఒప్పందం కాగితం మీదే ఉంది. దాన్ని ముందుకు తీసుకెళ్లే బాధ్యత ఆయన టీమ్ మీద పడింది.

ఆ టీమ్ వదిలిపెట్టలేదు. యశ్‌పాల్, చిట్నిస్ లాంటివాళ్లు ముందుండి నడిపించారు. 1975 ఆగస్టు 1న సైట్ పేరుతో ఆ ప్రయోగం మొదలైంది. ఆరు రాష్ట్రాలు, 2,400 ఊళ్లు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హైదరాబాద్, మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల పల్లెలకు ఆ అవకాశం దక్కింది. టీవీ సెట్లు తయారైంది మన ఈసీఐఎల్‌లోనే! డిష్ అంటే ఇప్పటి చిన్న ప్లేట్ కాదు. మూడు మీటర్ల వెడల్పున కోళ్లకు కట్టే జాలీ లాంటి వలతో చేసింది. కరెంటు లేని కొన్ని ఊళ్లలో బ్యాటరీతో నడిపించారు.

పొద్దున బడి పిల్లలకు గంటన్నర, సాయంత్రం ఊరందరికీ రెండున్నర గంటలు. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, సైన్స్.. ఇవే ప్రోగ్రాంలు. మన ప్రోగ్రాంలు హైదరాబాద్‌లోనే తయారయ్యేవి. ఒకే బొమ్మకు రెండు ఆడియోలు. ఇక్కడ తెలుగులో వింటుంటే కర్ణాటక పల్లెల్లో అదే బొమ్మను కన్నడలో వినేవాళ్లు. చాలా ఊళ్లలో సినిమా హాలు కూడా చూడని జనం బడి ముందు కింద కూర్చుని ప్రపంచాన్ని చూశారు.

1976 జూలై 31తో గడువు ముగిసింది. ఉపగ్రహం వెళ్లిపోయింది. తెరలు మూగబోయాయి. ఆ లోటు కొంతైనా పూడ్చడానికి కొన్నిచోట్ల టవర్లు కట్టారు. అందులో హైదరాబాద్ ఒకటి. అలా 1977 అక్టోబర్ 23న హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది. అంటే మన టీవీకి పల్లెలో చేసిన ప్రయోగమే బాట వేసింది.

మరి బొగ్గు బెల్ట్ సంగతేంటి?

ఇక్కడే ఒక చేదు నిజం ఉంది. సైట్ జిల్లాల్లో అప్పటి కరీంనగర్ జిల్లా లేదు. రామగుండం, గోదావరిఖనికి ఆ తెర రాలేదు. హైదరాబాద్ ఇక్కడికి రోడ్డు మీద 200 కిలోమీటర్ల పైమాటే. ఆ టవర్ సిగ్నల్ ఇంత దూరం అందేది కాదు. దేశానికి బొగ్గు తవ్వి, రామగుండంలో కరెంటు పుట్టించిన ప్రాంతం టీవీ కోసం ఎదురుచూడాల్సి వచ్చింది. సారాభాయ్ భయపడింది సరిగ్గా ఇలాంటి ఆలస్యం గురించే. టవర్ల లెక్కలో దూరంగా ఉన్నవాడి వంతు ఎప్పుడూ చివరే.

1983లో ఇన్సాట్-1బి నింగికెక్కింది. అదే ఏడాది రామగుండం ఎన్టీపీసీలో తొలి యూనిట్ మొదలైంది. ఇన్సాట్ వచ్చాకే దేశమంతా చిన్న చిన్న రిలే కేంద్రాలు పెట్టడం సాధ్యమైంది. తర్వాత కేబుల్ వైర్లు వచ్చాయి, డిష్‌లు వచ్చాయి, ఇప్పుడు ఫోన్ వచ్చింది. డ్యూటీ దిగి వచ్చిన కార్మికుడు ఇవాళ ఇంటి అరుగు మీదే ప్రపంచ వార్తలు చూస్తున్నాడు.

సారాభాయ్‌కి 1966లో పద్మభూషణ్, చనిపోయాక 1972లో పద్మవిభూషణ్ ఇచ్చారు. తుంబా కేంద్రానికి ఆయన పేరే పెట్టారు. కానీ ఏ పల్లె జనం కోసం ఆయన అంత తాపత్రయపడ్డారో, ఆ పల్లె తెర వెలిగిన రోజు మాత్రం ఆయన చూడలేకపోయారు.