బట్టలుతికిన చేతులే జుట్టుకు మందు పూశాయి

మా పటాన్‌చెరు ఇక్రిశాట్‌కు ఆఫ్రికా దేశాల నుంచి శిక్షణకొచ్చే అమ్మాయిల తలలు చూస్తే ఇక్కడి ఆడవాళ్లకు ఒకటే ఆశ్చర్యం, అంత బిగువు రింగుల్లోకి దువ్వెన ఎలా దిగుతుందా అని! నాదీ ఉంగరాల జుట్టే కాబట్టి ఆ తంటా కొంత తెలుసు. మాడులో ఊరే నూనె మెలికలు దాటి కొసదాకా జారదు. అందుకే అలాంటి జుట్టు ఎండిపోయి తెగుతుంది. తడిగా ఉన్నప్పుడే వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తీసి, పాయలుగా అల్లుకోవాలి. ఈ జుట్టుతోనే బతుకు దిద్దుకున్న మేడమ్ సి.జె. వాకర్ కథ మీకు చెప్పాలి.

అసలు పేరు సారా బ్రీడ్‌లవ్. 1867లో అమెరికాలోని లూసియానాలో పుట్టింది. అమ్మానాన్నలు బానిసలుగా బతికినవాళ్లు. ఏడేళ్లకే ఇద్దరూ పోయారు. పద్నాలుగేళ్లకు పెళ్లి, ఇరవై ఏళ్లకు భర్త పోయాడు. చంకలో రెండేళ్ల కూతురు. సెయింట్ లూయిస్‌లో క్షౌరవృత్తి చేసుకునే అన్నల దగ్గరికి చేరి, ఊరివాళ్ల బట్టలుతికింది. రోజంతా ఒళ్లు వంచినా వచ్చేది డాలరు పైన కాస్తే. ఆ డబ్బుతోనే పిల్లను చదివించింది.

అంతలో జుట్టు ఊడటం మొదలైంది. ఇళ్లలో కుళాయిల్లేని రోజులవి, చాలామందికి తలంటు నెలకోసారే. చుండ్రు, పుండ్లు, పైగా ఘాటు సబ్బులు. మాడు కనిపించే తలతో నలుగురిలోకి వెళ్లడం ఎంత నరకమో మనకు చెప్పక్కర్లేదు కదా! మొదట ఆనీ టర్న్‌బో అనే నల్లజాతి మహిళ తయారుచేసిన మందులు అమ్మింది. 1905లో డెన్వర్ వెళ్లింది, మరుసటేడు చార్లెస్ వాకర్‌ను పెళ్లాడి, ఆ పేరుతోనే సొంత లేపనం మొదలుపెట్టింది. మందు గుట్టు కలలో తెలిసిందని చెప్పుకునేది. అందులోని గంధకం మాత్రం పాత వైద్యమే. నన్నడిగితే, తరచూ తలంటుకోమని నేర్పడమే అసలు మందు.

1910లో ఇండియానాపోలిస్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. ఇళ్లలో పనులు చేసుకునే వేలమంది ఆడవాళ్లు ఆమె ఏజెంట్లయ్యారు. 1917లో ఫిలడెల్ఫియాలో వాళ్లకో మహాసభ కూడా జరిపింది. కాల్చిన దువ్వెనతో జుట్టు సాగదీయడం తెల్లవాళ్లను అనుకరించడమేనని తిట్టినవాళ్లున్నారు. ఆ మాటలో కొంత నిజముంది. కానీ ఆ దువ్వెన ఆమె కనిపెట్టింది కాదు. తన పని జుట్టు పెంచడమేనని ఆమె వాదన.

నల్లవాళ్లను మూకలు కొట్టి చంపడాన్ని ఆపే ఉద్యమానికి 5,000 డాలర్లు ప్రకటించింది. 1919 మే 25న, 51 ఏళ్లకే కన్నుమూసింది. కంపెనీ పగ్గాలు కూతురు అలీలియా అందుకుంది, నాడు చంకలో ఉన్న పిల్లే.