ఆకాశాన నిప్పుబాణం – టిప్పు సుల్తాన్ షహీద్

పెనుకొండ నుంచి బెంగుళూరు హైవేలో పోతే చిక్కబళ్ళాపురం దాటాక దేవనహళ్ళి వస్తుంది. ఈనాడు మనవాళ్ళు విమానమెక్కే బెంగుళూరు ఎయిర్‌పోర్టు అక్కడే. విమానాలు లేని కాలంలోనే ఆకాశమార్గాన శత్రువును కొట్టిన టిప్పు సుల్తాన్ పుట్టిందీ ఆ ఊళ్ళోనే.

యుద్ధంలో రాకెట్టు కొత్త కాదు. అయితే తండ్రి హైదర్ అలీ, టిప్పు దానికి ఇనుప గొట్టం తొడిగించారు. ఇనుము మందు ఒత్తిడికి పగలదు కనుక అది ఎక్కువ దూరం పోయేది. తోకకు పొడుగాటి వెదురు కట్టేవారు. గురి సరిగా కుదిరేది కాదు గానీ గుర్రాలు బెదిరి, సైన్యం చెదిరిపోయేది. 1780లో కంచి దగ్గర పొల్లిలూరులో ఆంగ్లేయుల మందుగుండు బండ్లు పేలిపోయి, కర్నల్ బెయిలీ పట్టుబడ్డాడు. టిప్పు రాకెట్టు దళాలను ఇంకా పెంచాడు.

1799 మే 4న శ్రీరంగపట్నం కోట పడింది. సుల్తాన్ పోరాడుతూ షహీద్ అయ్యాడు. గెలిచినవాళ్ళు ఆ రాకెట్లను ఇంగ్లండుకు మోసుకుపోయి పరీక్షించారు. కొద్ది ఏళ్ళలోనే విలియం కాంగ్రీవ్ తన రాకెట్టు తయారుచేశాడు. మన కమ్మరుల విద్య మన దగ్గరే ఆగిపోయింది.

1960లలో అమెరికాలోని నాసా కేంద్రానికి వెళ్ళిన అబ్దుల్ కలాం, గోడమీది చిత్రంలో టిప్పు సైన్యాన్ని చూసి గర్వపడ్డాడు. 2018లో శివమొగ్గ జిల్లా నగరలో ఒక పాడుబావిలో వెయ్యికి పైగా రాకెట్లు దొరికాయి.

టిప్పు ధైర్యాన్ని మన పిల్లలకు చెబుతూనే ఉన్నాం. ఆయన విద్యను కూడా చెప్పాలి. ఆయుధం గెలిచినవాడికి దక్కుతుంది, విద్య చదివినవాడికే దక్కుతుంది.