దిగిన చోట తెలిసిన మొహం లేనప్పుడు

బేతంచెర్ల స్టేషన్‌లో గుంటూరు వైపు వెళ్లే రైలెక్కితే నంద్యాల, మార్కాపురం, నరసరావుపేట దాటి కొన్ని గంటల్లో గుంటూరులో దిగుతాం. రాష్ట్రం ఒకటే, భాష ఒకటే. అయినా చదువుకో ఉద్యోగానికో మొదటిసారి బిడ్డను ఆ బండి ఎక్కించిన తల్లికి, దిగినాను అని ఫోన్ వచ్చేదాకా ముద్ద దిగదు. అదే గుంటూరులో రైలూ ఫోనూ లేని కాలంలో, ఒక్క తెలుగు మాటైనా నోరారా మాట్లాడలేని పరదేశి ఒకరు ఒంటరిగా అడుగుపెట్టారు. లూథరన్ సంఘాలు ఫాదర్ హయ్యర్ అని ప్రేమగా పిలుచుకునే జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ ఆయన. ఆ మొదటి రోజును తలచుకోవలసిన అవసరం మన సంఘాలకు ఉందని మేము అనుకుంటున్నాం.

హయ్యర్ 1793 జూలై 10న జర్మనీలోని హెల్మ్‌స్టెట్ పట్టణంలో పుట్టారు. నెపోలియన్ యుద్ధాల రోజులు. పిల్లవాడి క్షేమం కోరి తల్లిదండ్రులు 1807లో సముద్రం అవతల అమెరికాకు, ఫిలడెల్ఫియాలోని మేనమామ దగ్గరకు పంపేశారు. అప్పటికి ఆయనకు 14 ఏళ్లు. ఊరు కొత్త, వీధుల్లో వినబడే భాష కొత్త. ఆ ఊరిలో జర్మన్ భాషలో ఆరాధించే సీయోను సంఘం ఉండేది. ఇల్లు విడిచి వచ్చిన పిల్లవాడికి ఆ సంఘమే ఇల్లయింది. అక్కడి కాపరుల దగ్గరే వాక్యం నేర్చుకున్నారు. సేవకు తనను అప్పగించుకున్నదీ అక్కడే.

1817 నుంచి ఇరవై ఏళ్లకు పైగా ఆయన పెన్సిల్వేనియాలోనూ పడమటి రాష్ట్రాల్లోనూ తిరిగారు. వలస వచ్చి అడవులు కొట్టి సేద్యం చేసుకుంటున్న కుటుంబాలకు మందిరం లేదు, కాపరి లేడు. వారిని వెదుక్కుంటూ వెళ్లారు. ఒకప్పుడు తానూ వలస వచ్చినవాడే కదా! 1839లో భార్య మేరీ ప్రభువు సన్నిధికి చేరారు. ఇక విశ్రాంతి తీసుకోవచ్చు అనుకునే వయసులో, 1841 అక్టోబరులో, బోస్టన్ రేవులో ఓడ ఎక్కారు. తోడుగా కుటుంబం లేదు.

నెలల తరబడి ఓడ ప్రయాణం. మరుసటి ఏడు కొలంబోలో దిగి, తమిళ దేశం మీదుగా మద్రాసు చేరి, అక్కడి నుంచి నెల్లూరు మీదుగా ఉత్తరానికి వచ్చారు. 1842 జూలై 31, ఆదివారం నాడు గుంటూరు చేరారు. అప్పుడు ఆయన వయసు 49.

ఆనాటి గుంటూరును ఒకసారి ఊహించుకోండి. లెక్కలేనంతమందిని పొట్టన పెట్టుకున్న నందన కరువు గడిచి పదేళ్లు. కోలుకోవడానికి తంటాలు పడుతున్న సీమ. ఎండ కొత్త, తిండి కొత్త, లిపి కొత్త. ఎదురైన మనిషి ఏమడుగుతున్నాడో తెలియదు. తన మనసులో ఉన్నది చెప్పడానికి మాట లేదు. ఇరవై ఏళ్లు ప్రసంగాలు చేసిన బోధకుడు ఆ రోజున మాటలు రాని పసివాడితో సమానం. మొదటి రోజుల్లో నోరు తెరవాలంటే దుబాసీ పక్కన ఉండవలసిందే.

ఆ రోజున ఒక తలుపు తెరుచుకుంది. జిల్లా కలెక్టరు హెన్రీ స్టోక్స్, ఇక్కడికి ఒక మిషనరీ రావాలని ఎంతో కాలంగా కోరుకుంటున్నవారు, ఆయనకు ఆశ్రయమిచ్చారు. హయ్యర్ గారి గుంటూరు సేవ బోధతో మొదలు కాలేదు, ఒకరి ఇంట అతిథిగా మొదలైంది.

అయితే ఆయన ఆ నీడలోనే కూర్చుండిపోలేదు. తెలుగు నేర్చుకున్నారు. బడులు తెరిచారు, ఆడపిల్లలకూ బడి పెట్టారు. ఆరోగ్యం చెడి తిరిగి వెళ్లినా, బాల్టిమోర్‌లో వైద్యం చదివి 1848లో మళ్లీ వచ్చారు. పల్నాడులోని గురజాల దాకా వెళ్లి సేవ చేశారు. తన కోసం ఒక తలుపు తెరుచుకున్న మనిషి ఇప్పుడు తానే రోగులకూ పేదలకూ తలుపయ్యారు.

1869లో రాజమండ్రి మిషనును మరొకరికి అప్పగించే ఆలోచన వచ్చినప్పుడు, 76 ఏళ్ల ముసలివాడు లేచి నేను వెళ్తానన్నారు. వెళ్లారు కూడా. తిరిగి వచ్చి 1873 నవంబరు 7న ఫిలడెల్ఫియాలోనే కన్నుమూశారు. 14 ఏళ్ల వయసులో కొత్తవాడిగా దిగిన ఊరది.

ప్రియులారా, ఈ జీవితం చదివినప్పుడల్లా మాకు ఒక ముఖం గుర్తుకొస్తుంది. నాపరాళ్ల పాలిష్ పనికి దూరం నుంచి వచ్చిన యువకుడు ఒకడు మేము వెళ్లే మందిరానికి వచ్చేవాడు. తెలుగు రాదు. చెప్పులు విడిచే చోటికి దగ్గరగా, చాప చివర కూర్చునేవాడు. నాలుగు ఆదివారాలు వచ్చాడు. ఆరాధన కాగానే మనవాళ్లను మనం పలకరించుకున్నాం. ఐదో ఆదివారం అతడు రాలేదు. అతడి పేరేమిటో మాలో ఒక్కరికీ తెలియదు. భాష రాదనడం సాకు మాత్రమే. పేరడగడానికీ, ఒక పూట అన్నం పెట్టడానికీ ఎంత భాష కావాలి?

మన పిల్లలు ఈ రోజు హైదరాబాదులో, బెంగళూరులో, గల్ఫు దేశాల్లో దిగుతున్నారు. వారికి అక్కడ ఎవరైనా తలుపు తీయాలని మోకరించి ప్రార్థిస్తున్నాం. మన ఊళ్లో దిగినవాడి తల్లి కూడా ఎక్కడో అదే ప్రార్థన చేస్తూ ఉంటుంది. ఆమె ప్రార్థనకు జవాబు మన చేతుల్లో ఉంది. వచ్చే ఆదివారం చాప చివర ఎవరు కూర్చున్నారో వెనుదిరిగి చూద్దాం. పేరు అడుగుదాం. ఇంటికి పిలుద్దాం.