గాలిని దాచిపెట్టిన మాస్టారు

గాలి వీస్తే కరెంటు, ఆగితే చీకటి. మరి ఈరోజు వీచిన గాలిని రేపటికి దాచుకోవడం ఎలా? గ్రీన్ హైడ్రోజన్ పేరుతో ఇప్పుడు అంతా చర్చిస్తున్న ఈ ప్రశ్నకు, 130 ఏళ్ల కిందటే ఓ పల్లెటూరి బడిలో జవాబు వెతికారు పౌల్ లా కూర్.

1846లో డెన్మార్క్‌లోని ఎబెల్టాఫ్ట్ దగ్గర పుట్టారాయన. వాతావరణ శాస్త్రం చదివి, పాతికేళ్లు దాటగానే దేశ వాతావరణ సంస్థలో రెండో స్థానానికి చేరారు. టెలిగ్రాఫ్ పరికరాలు కనిపెట్టి పేరూ తెచ్చుకున్నారు. అయినా 1878లో రాజధాని వదిలేసి, రైతుల పిల్లలు చదువుకునే ఆస్కోవ్ ఫోక్ హైస్కూల్‌లో సైన్స్ మాస్టారుగా చేరిపోయారు. కరెంటు పట్నాలకే పరిమితమైతే పల్లెలు ఖాళీ అయిపోతాయన్నది ఆయన దిగులు.

1891లో ప్రభుత్వ సాయంతో అక్కడ గాలిమర కట్టారు. దాన్నుంచి వచ్చిన కరెంటుతో నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొట్టారు. హైడ్రోజన్‌ను 12 ఘనపు మీటర్ల ట్యాంకులో దాచారు. 1895 నుంచి 1902 వరకు బడిలో దీపాలు ఆ గ్యాస్‌తోనే వెలిగాయి. అంతా సాఫీగా ఏం సాగలేదు. హైడ్రోజన్‌లో కాస్త ఆక్సిజన్ కలిసి పేలడంతో కిటికీ అద్దాలు చాలాసార్లు మార్చాల్సి వచ్చింది.

ఏళ్ల తరబడి కష్టపడ్డ పద్ధతి కదా అని ఆయన దాన్నే పట్టుకు వేలాడలేదు. బ్యాటరీలు, నేరుగా కరెంటు దీపాల వైపు మళ్లారు. నేటి లెక్కలూ అదే చెబుతాయి. కిలో హైడ్రోజన్ తయారీకి దాదాపు 50 యూనిట్ల కరెంటు కావాలి. యూనిట్ 4 రూపాయలనుకున్నా కరెంటు ఖర్చే 200. దాన్ని మళ్లీ కరెంటుగా మారిస్తే సగానికి పైగా నష్టమే. అందుకే దీపానికి హైడ్రోజన్ దండగ. ఎరువుల కర్మాగారం, చమురు శుద్ధి కేంద్రం సంగతి వేరు. వాటికి హైడ్రోజనే ముడిసరుకు, కరెంటు దాని బదులు పనిచేయదు. పైగా వాడే చోటే తయారుచేస్తే రవాణా ఖర్చూ మిగులుతుంది. పారిశ్రామిక వాడల్లోనే ఈ ప్లాంట్లు పెట్టాలనడం వెనక ఉన్న లెక్క ఇదే.

లా కూర్ అసలు విజయం మరొకటుంది. 1904 నుంచి ఆయన పల్లె కుర్రాళ్లకు ఎలక్ట్రీషియన్ శిక్షణ ఇచ్చారు. వాళ్లు ఊళ్లకు వెళ్లి కరెంటు వ్యవస్థలు ఏర్పాటు చేశారు. 1908లో ఆయన కన్నుమూశారు. ఆయన దగ్గర నేర్చుకున్న యోహానెస్ యూల్, 1957లో గెడ్సర్‌లో 200 కిలోవాట్ల గాలిమర నిలబెట్టి, ఆధునిక విండ్ టర్బైన్లకు దారి చూపారు.

మన అనకాపల్లి జిల్లా పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. ఇలాంటి చోట్ల ఇంజినీర్లతో పాటు ఎలక్ట్రీషియన్లు, వెల్డర్లు, గ్యాస్ భద్రత తెలిసిన టెక్నీషియన్లూ కావాలి. ఐటీఐ, డిప్లొమా చదివే మీరూ అందులో ఒకరు కావచ్చు. పని నేర్చుకోండి, దాంతోపాటు యూనిట్ ఖర్చు లెక్కేయడమూ నేర్చుకోండి. లెక్క తప్పితే నచ్చిన పద్ధతినైనా వదిలేయగలగాలి. ఆ మాస్టారు చేసిందీ అదే.