ప్లగ్గు లేని ఇంజను - రుడాల్ఫ్ డీజిల్ జీవితం

మా ఊళ్ళో డీజిల్ అంటే బంకులో పోయించుకొచ్చే నూనె. అది ఒక మనిషి ఇంటిపేరన్న సంగతి ఇంటర్మీడియట్‌కి వచ్చేదాకా నాకు తెలియదు. తెలిసిన రోజున ఇంటికి వెళ్ళి తాతయ్యకి చెబితే ఆయన నమ్మలేదు. అయితే కిరసనాయిలు ఎవరి పేరో కూడా చెప్పమని నవ్వాడు.

ఆ ఇంజను నేను మొదట చూసింది తాతయ్య దగ్గరే. కరెంటు మోటారు వచ్చాక పొలంలో రేకుల షెడ్డు కింద మూలపడ్డ 5 హార్స్‌పవర్ ఆయిల్ ఇంజను అది. లివరు ఎత్తిపట్టి, హ్యాండిల్ జోరుగా తిప్పి, ఊపు రాగానే లివరు వదిలేస్తే డబ్ డబ్‌మని అందుకునేది. స్కూటరుకి ఉన్నట్టు దీనికి ప్లగ్గు లేదేమిటి, నిప్పు ఎక్కడిది అని అడిగాను. గాలిని నొక్కితే వేడి పుడుతుందని ఆయన చెప్పాడు. తాతయ్య చదివింది మూడో తరగతి. ఆయన ఒక్క మాటలో తేల్చేసిందే మాకు థర్మోడైనమిక్స్‌లో ఒక అధ్యాయం.

అయితే నేనీ వ్యాసం రాయడానికి కారణం తాతయ్య ఇంజను కాదు, మా బాబాయి కారు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు బవేరియా నుంచి బతుకుతెరువుకు వచ్చిన జర్మన్లు. తండ్రి పుస్తకాలు బైండింగు చేసేవాడు, తోలు సామాను తయారుచేసేవాడు. 1870లో ఫ్రాన్సుకీ ప్రష్యాకీ యుద్ధం రావడంతో వాళ్ళు కట్టుబట్టలతో పారిస్ వదిలి లండన్ చేరవలసి వచ్చింది. అక్కడ గడవక, పన్నెండేళ్ళ పిల్లవాణ్ణి ఒక్కణ్ణే ఆగ్స్‌బర్గ్‌లో బంధువుల ఇంటికి పంపించారు. ఆ ఇంటాయన లెక్కల మేష్టారు. అది రుడాల్ఫ్ అదృష్టమనే చెప్పాలి.

తరువాత అతను స్కాలర్‌షిప్పు మీద మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో చేరాడు. అక్కడ గురువు కార్ల్ ఫాన్ లిండే, శీతలీకరణ యంత్రాలలో పేరుమోసిన శాస్త్రజ్ఞుడు. ఆవిరి యంత్రం బొగ్గులోని వేడిలో సుమారు పదో వంతు మాత్రమే పనికి మారుస్తుందనీ, మిగతాదంతా వృథా అనీ లిండే పాఠంలో విన్నప్పటినుంచీ డీజిల్‌కి ఆ తొమ్మిది వంతుల మీదే ధ్యాస. 1879లో టైఫాయిడ్ వచ్చి చివరి పరీక్ష తప్పిపోయింది. మరుసటి ఏడు కూర్చుని అత్యుత్తమ మార్కులతో ప్యాసయ్యాడు. బ్యాక్‌లాగ్‌లున్న మిత్రులు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదువుకోవచ్చు!

చదువు అయ్యాక పారిస్‌లో లిండే గారి ఐసు యంత్రాల పనిలోనే కుదిరాడు. పగలు ఉద్యోగం, తీరిక దొరికితే ఇంజను. ఆవిరికి బదులు అమ్మోనియాతో నడపాలని ఏళ్ళ తరబడి ప్రయత్నించి విఫలుడయ్యాడు. ఆ ఓటమిలోంచే అసలు ఆలోచన పుట్టింది. సైకిలు పంపు కొడితే దాని గొట్టం కాలుతుంది కదా. సిలిండరులో గాలిని అంతకంటే ఎన్నో రెట్లు నొక్కితే, అందులో పడిన నూనె తనంతట తానే అంటుకోవాలి. ఎంత ఎక్కువ నొక్కితే వేడిలో అంత ఎక్కువ భాగం పని అవుతుంది. దీనికి 1892లో పేటెంటు దరఖాస్తు పెట్టాడు, 1893లో మంజూరైంది. పెద్ద మిల్లులవాళ్ళకే అందుతున్న యంత్రబలం చిన్న చేతిపనివాడికి కూడా అందాలన్నది అతని కోరిక. నాకు ఇతని మీద ప్రేమ కలిగింది ఇక్కడే.

కాగితం మీద వేరు, ఇనుము మీద వేరు. మొదట అనుకున్నది 250 అట్మాస్ఫియర్ల ఒత్తిడి. అంత ఒత్తిడికి ఆగే సిలిండరు ఎక్కడుంది? లెక్క బాగా తగ్గించుకోవలసి వచ్చింది. ఆగ్స్‌బర్గ్ యంత్రాల ఫ్యాక్టరీ, క్రుప్ కంపెనీ డబ్బు పెట్టాయి. 1893 ఆగస్టు 10న మొదటి పరీక్షలో ఒత్తిడి కొలిచే పరికరం పేలి ముక్కలైంది. మనుషులు బతికి బయటపడ్డారు. 1894 ఫిబ్రవరి 17న ఇంజను మొదటిసారి తనంతట తాను తిరిగింది. ఎంతసేపు? ఒక్క నిమిషం. ఆ నిమిషాన్ని గంటలు చేయడానికి ఇంకా మూడేళ్ళు పట్టింది. 1897 ఫిబ్రవరిలో మ్యూనిక్ ప్రొఫెసర్ ష్రోటర్ వచ్చి కొలిచి, వేడిలో 26.2 శాతం పని అవుతోందని తేల్చాడు. సుమారు 20 హార్స్‌పవర్ ఇంజను అది, ఎత్తు మూడు మీటర్లు! అది మ్యూనిక్‌లోని డాయిష్ మ్యూజియంకి చేరింది.

ఇప్పుడు బాబాయి సంగతి. ఆయన కిరాయికి తిప్పే పాత డీజిల్ అంబాసిడర్‌కి 40 హార్స్‌పవర్ కూడా లేదు. పెళ్ళివాళ్ళని ఎక్కించుకుని ఘాట్ ఎక్కేటప్పుడు వెనక లారీలు హారన్లు కొడుతుంటే సిగ్గుపడేవాడు. తక్కువ ఖర్చులో పికప్ పెంచుతానని టౌన్లో ఒక మెకానిక్ ఒప్పుకున్నాడు. బీయెస్సీ చదువుతున్న అబ్బాయినని బాబాయి నన్నడిగితే, డీజిల్ ఎక్కువ పడితే పవర్ ఎక్కువే కదా అని తలూపాను. పంపు సీలు తెంపి నూనె పెంచారు. నిజంగానే బండి పరుగెత్తింది, వెనకాల నల్లటి పొగ కక్కుతూ. నాలుగో వారంలో ఘాట్ మీద నీళ్ళు మరిగిపోయి హెడ్ గ్యాస్కెట్ పోయింది. విప్పి చూస్తే ఒక పిస్టన్ అంచు కరిగి ఉంది. బాగుచేయించడానికి బాబాయి వడ్డీకి తెచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

తప్పెక్కడో డీజిల్ జీవితం చదివాకగాని నాకు తెలియలేదు. నూనె కాలాలంటే గాలి కావాలి. పిస్టన్ ఒక్కో విడత పీల్చే గాలి ఇంతే అని ఉంటుంది. అంతకుమించి పోసిన నూనె పూర్తిగా కాలక మసి అవుతుంది, పొగగొట్టంలో వేడి పెరుగుతుంది. నల్లపొగ బలం కాదు, లిండే గారు చెప్పిన ఆ వృథాయే. నిజంగా బలం పెరగాలంటే గాలి పెంచాలి. పొగ బయటికి పోయే వేగంతోనే చక్రం తిప్పి గాలిని లోపలికి తోసే ఉపాయానికి స్విస్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకీ 1905లో పేటెంటు తీసుకున్నాడు. అదే టర్బో. పాత ఇంజనుకి అది తగిలించాలన్నా ఆయిలు లైను, గట్టి గ్యాస్కెట్, చల్లదనం అన్నీ చూసుకోవాలి. డబ్బు లేనివాడు ముందు చేయవలసింది ఎయిర్ ఫిల్టరు, ట్యాపెట్లు, నాజిళ్ళు, పంపు టైమింగు సరిచూడటం. కొత్త బలం రాదు, పోయిన బలం తిరిగొస్తుంది.

డీజిల్ కథ ముగింపు చెప్పాలంటే చేయి ఆడదు. ఇంజనుతో అతను లక్షాధికారి అయ్యాడు. ఒక్క అమెరికా హక్కులకే పది లక్షల మార్కులు వచ్చాయి. మ్యూనిక్‌లో రాజభవనం లాంటి ఇల్లు కట్టాడు. కాని పేటెంటు తగాదాలు ఆరోగ్యాన్ని తినేశాయి, స్థలాలలోనూ వాటాలలోనూ పెట్టిన డబ్బు పోయింది. అప్పులు పైకి తెలియనివ్వలేదు. 1913 సెప్టెంబరు 29న ఆంట్వెర్ప్ నుంచి ఇంగ్లండు వెళ్ళే డ్రెస్డెన్ అనే స్టీమరు ఎక్కాడు. రాత్రి భోజనం చేసి గదికి వెళ్ళినవాడు తెల్లవారేసరికి లేడు. కొద్దిరోజులకు సముద్రంలో దొరికిన శవం జేబులోని వస్తువులను కొడుకు గుర్తుపట్టాడు. ప్రమాదమా, హత్యా, తానే దూకాడా అన్నది తేలలేదు. అప్పు అంటే ఏమిటో తెలిసిన ఊరివాణ్ణి గనుక నాకు ఒక అనుమానం ఉంది. దాన్ని రాయను.

అతని ఇంజను అప్పటికి ఓడల్లోనూ ఫ్యాక్టరీల్లోనూ మాత్రమే తిరిగేది. నూనె చల్లడానికి పెద్ద గాలి కంప్రెసరు కావలసి రావడంతో కారులో పట్టేది కాదు. 1927లో బాష్ కంపెనీ చిన్న ఇంజెక్షన్ పంపు పెద్ద ఎత్తున తయారుచేశాక దారి పడింది. 1936లో మెర్సిడెస్ 260 డి కారు వచ్చింది, 45 హార్స్‌పవర్‌తో.

బాబాయి కారు పంపుని బెంచి మీద పెట్టించి మళ్ళీ పాత కొలతకే తెచ్చాం. సంక్రాంతికి అందులోనే ఇంటికి వెళ్ళాను. ఘాట్ మీద రెండో గేరులో మెల్లగా ఎక్కుతుంటే వెనక లారీవాడు హారన్ కొట్టాడు. బాబాయి అద్దంలో పొగ ఉందేమో చూసుకుని, చేయి బయటపెట్టి వాడికి దారి ఇచ్చాడు.