చైనా విమాన వాహక నౌకల పితామహుడు.. తొలి నౌక సముద్రంలోకి వెళ్లే 7 నెలల ముందే కన్నుమూత! ఎవరీ లియూ హువాచింగ్?

చైనా ఈశాన్య తీరంలోని డాలియన్ షిప్‌యార్డ్‌పై ఇప్పుడు రక్షణ రంగ నిపుణుల కన్ను పడింది. అక్కడ రూపుదిద్దుకుంటున్న ఓ భారీ నౌకను శాటిలైట్ ఫొటోల్లో జూమ్ చేసి మరీ చూస్తున్నారు. ఏ భాగం ఎప్పుడు అమర్చారు, లోపల రియాక్టర్ కోసం చోటు వదిలారా అని లెక్కలు వేస్తున్నారు. చైనా తొలి అణు విమాన వాహక నౌక ఇదేనని చాలామంది అంచనా. బీజింగ్ మాత్రం నోరు విప్పడం లేదు.

అయితే ఈ నౌక వెనుక 50 ఏళ్లకు పైబడిన ఓ ప్లాన్ ఉంది. ఆ ప్లాన్‌ను భుజాన మోసిన మనిషి పేరు లియూ హువాచింగ్. చైనాలో ఆయన్ను విమాన వాహక నౌకల పితామహుడు అంటారు. విచిత్రం ఏంటంటే.. సొంత దేశపు విమాన వాహక నౌక సముద్రంలో తిరగడం ఆయన ఒక్కసారి కూడా చూడలేదు.

14 ఏళ్లకే సైన్యంలోకి..

లియూ 1916లో హుబే ప్రావిన్స్‌లోని ఓ కొండ ప్రాంతంలో పుట్టారు. 1930లో, చిన్న వయసులోనే ఎర్ర సైన్యంలో చేరారు. లాంగ్ మార్చ్‌లో నడిచారు. జపాన్‌పై యుద్ధంలో, ఆ తర్వాత అంతర్యుద్ధంలో పోరాడారు. అప్పట్లో డెంగ్ జియావోపింగ్ రాజకీయ కమిసార్‌గా ఉన్న దళాల్లో పనిచేయడం తర్వాతి రోజుల్లో ఆయనకు బాగా కలిసొచ్చింది.

అప్పటిదాకా లియూ పూర్తిగా నేల మీద పోరాడిన సైనికుడు. 1952లో, 35 ఏళ్ల వయసులో ఆయన్ను నేవీకి మార్చారు. డాలియన్‌లోని నౌకాదళ పాఠశాలలో బాధ్యతలు అప్పగించారు. ఇవాళ కొత్త నౌక తయారవుతున్న ఊరు కూడా అదే!

1954లో సోవియట్ యూనియన్‌లోని లెనిన్‌గ్రాడ్‌కు పంపారు. అక్కడి నౌకాదళ అకాడమీలో నాలుగేళ్లు చదువుకున్నారు. తీరానికి దూరంగా, వేల కిలోమీటర్ల అవతల నేవీ ఎలా పోరాడాలన్నది ఆయనకు అక్కడే ఒంటబట్టింది.

అణు సబ్‌మెరైన్ నుంచే అణు పాఠాలు

1961లో నౌకల పరిశోధన చూసే సెవెంత్ అకాడమీకి లియూ అధిపతి అయ్యారు. అప్పటికే సోవియట్ నిపుణులు చైనా వదిలి వెళ్లిపోయారు. సాయం చేసేవాళ్లు లేరు, డబ్బుల్లేవు. ఆ పరిస్థితుల్లోనే అణు సబ్‌మెరైన్ పరిశోధన నడిచింది. చైనా తొలి అణు జలాంతర్గామి 1970 డిసెంబర్‌లో నీళ్లలోకి దిగింది, 1974లో నేవీలో చేరింది. నౌకలో ఇమిడే చిన్న రియాక్టర్ తయారు చేయడం చైనాకు అలవాటైంది అక్కడే.

అదే 1970లో విమాన వాహక నౌక కట్టడం సాధ్యమేనా అన్న అధ్యయనం కూడా లియూ చేతికి వచ్చింది. నివేదిక ఇచ్చారు. కానీ సాంస్కృతిక విప్లవం రోజులు.. ఖజానా ఖాళీ. ఫైలు అటకెక్కింది. అప్పటికి భారత్ దగ్గర ఐఎన్ఎస్ విక్రాంత్ ఉంది. 1961లోనే మన నేవీలో చేరిన ఆ నౌక 1971 యుద్ధంలో బంగాళాఖాతంలో సత్తా చాటింది. చైనాకు మాత్రం ఇంకో 41 ఏళ్లు ఆగాల్సి వచ్చింది.

మునివేళ్లపై నిలబడి చూసిన అడ్మిరల్

1980 మేలో చైనా సైనిక బృందంతో లియూ అమెరికా వెళ్లారు. అక్కడ కిట్టీ హాక్ అనే విమాన వాహక నౌక ఎక్కారు. ఓ పరికరాన్ని చూడటానికి ఆయన మునివేళ్లపై నిలబడి మెడ చాచిన ఫొటో చైనాలో ఇప్పటికీ వైరల్ అవుతూనే ఉంటుంది. 60 ఏళ్లు దాటిన సైనికాధికారి, వేరే దేశపు నౌకపై అలా తొంగి చూడటం ఆనాటి చైనా స్థితికి అద్దం పట్టింది.

1982లో లియూ నేవీ చీఫ్ అయ్యారు. అప్పటిదాకా చైనా నేవీ అంటే తీరం కాపలా కాసే చిన్న పడవలు, పాత సబ్‌మెరైన్లే. ఆయన ఆ లెక్క మార్చేశారు. జపాన్, తైవాన్, ఫిలిప్పీన్స్ వరుసను తొలి ద్వీప గొలుసు అన్నారు. గ్వామ్ వైపు ఉన్నది రెండోది. ముందు మొదటి గొలుసు లోపల పట్టు సాధించాలి, తర్వాత రెండోదాని దాకా వెళ్లాలి.. ఇదీ ఆయన ప్లాన్.

మరి ఇందుకు విమాన వాహక నౌక ఎందుకు? లాజిక్ సింపుల్. దక్షిణ చైనా సముద్రంలోని స్ప్రాట్లీ దీవులు చైనా ప్రధాన భూభాగానికి చాలా దూరం. ఆ రోజుల్లో నేల మీద నుంచి లేచిన ఫైటర్ జెట్ అక్కడిదాకా వెళ్లినా, పోరాడేంత సేపు ఉండలేదు. విమానాల నీడ లేకపోతే ఎంత పెద్ద నౌక అయినా శత్రువుకు సులువుగా దొరికిపోతుంది.

డబ్బు రాలేదు. అయినా ఆయన చేతులు కట్టుకుని కూర్చోలేదు. 1985లో తుక్కు కోసం చైనాకు వచ్చిన ఆస్ట్రేలియా నౌక మెల్‌బోర్న్‌ను ముక్కలు చేసే ముందు ఇంజినీర్లు అణువణువూ పరిశీలించారు. 1987లో పైలట్లకు నౌకల కెప్టెన్లుగా శిక్షణ మొదలైంది. నౌక లేదు కానీ, దాన్ని నడిపేవాళ్లు ముందే సిద్ధమయ్యారు!

1989 మచ్చ.. రష్యా దారి

లియూ జీవితంలో ఓ చీకటి కోణం కూడా ఉంది. 1989 జూన్‌లో తియనాన్మెన్ నిరసనలను సైన్యం రక్తపాతంతో అణచివేసింది. ఆ ఆపరేషన్ నిర్వహణలో సీనియర్ సైనికాధికారిగా ఆయన పాత్ర ఉంది. ఆ ఏడాదే కేంద్ర సైనిక కమిషన్ ఉపాధ్యక్షుడయ్యారు. పశ్చిమ దేశాలు ఆయుధాల అమ్మకం ఆపేయడంతో 1990లో లియూ మాస్కో వెళ్లారు. సుఖోయ్-27 విమానాల కొనుగోలుకు అలా దారి పడింది. ఇప్పుడు చైనా నౌకలపై దిగే జె-15 జెట్లు కూడా ఆ సుఖోయ్ కుటుంబానివే.

1996లో తైవాన్ విషయంలో ఉద్రిక్తత పెరిగినప్పుడు అమెరికా రెండు విమాన వాహక బృందాలను రంగంలోకి దింపింది. చైనా దగ్గర దానికి జవాబు లేదు. లియూ ఏళ్లుగా అడుగుతున్నది ఎందుకో బీజింగ్ నేతలకు అప్పుడు అర్థమైంది.

కాసినో పేరుతో వచ్చిన నౌక

1998లో ఉక్రెయిన్‌లో సగంలో ఆగిపోయిన వర్యాగ్ అనే నౌకను ఓ మకావు కంపెనీ 2 కోట్ల డాలర్లకు కొంది. తేలే కాసినో కడతామని చెప్పింది. సరిగ్గా ఆ సమయానికే లియూ పదవుల నుంచి తప్పుకున్నారు. ఇంజిన్లు పనిచేయని ఆ నౌకను లాక్కుంటూ 2002 మార్చిలో డాలియన్ చేర్చారు. ఏళ్ల తరబడి మరమ్మతులు సాగాయి.

2011 జనవరి 14న 94 ఏళ్ల వయసులో లియూ బీజింగ్‌లో కన్నుమూశారు. అదే ఏడాది ఆగస్టు 10న ఆ నౌక తొలిసారి సీ ట్రయల్స్‌కు బయల్దేరింది. 2012 సెప్టెంబర్‌లో లియావోనింగ్ పేరుతో నేవీలో చేరింది.

ఆ తర్వాత స్పీడ్ పెరిగింది. 2019లో షాన్‌డాంగ్ వచ్చింది. 2025 నవంబర్‌లో ఫుజియాన్ వచ్చింది. విద్యుదయస్కాంత శక్తితో విమానాలను గాల్లోకి పంపే కాటాపుల్ట్‌లు దీని ప్రత్యేకత. అయితే ఈ మూడూ ఇంధనం కాల్చి నడిచేవే. పదే పదే ఆయిల్ నింపుకోవాలి, అందుకు వేరే నౌకలు వెంట రావాలి. రియాక్టర్ ఉంటే ఏళ్ల తరబడి ఆ బెంగ ఉండదు. కాటాపుల్ట్‌లకు, రాడార్లకు కావాల్సినంత కరెంటు కూడా దొరుకుతుంది.

డాలియన్‌లో అందరూ వెతుకుతున్నది ఆ రియాక్టర్ ఆనవాళ్లనే. అది నిజమైతే హిందూ మహాసముద్రం దాకా చైనా నేవీ ప్రయాణం మరింత తేలికవుతుంది. అందుకే ఆ షిప్‌యార్డ్‌లో జరుగుతున్న ప్రతి మార్పునూ అమెరికా, జపాన్‌తో పాటు భారత్ కూడా గమనించక తప్పదు.